ఎఫ్‌డీఐ (విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి) పెరిగితే దేశంలో పెట్టుబడి తగ్గినట్టు వస్తోంది, ఎక్కడ తప్పు?

భీమవరంలో ఎంఏ ఎకనామిక్స్ ప్రాజెక్టు చేస్తున్నాను. ప్రపంచ బ్యాంకు లెక్కలే వాడాను: భారత్‌కి వచ్చిన ఎఫ్‌డీఐ, స్థిర మూలధన కల్పన (ఫ్యాక్టరీలు, యంత్రాలు, నిర్మాణాల లాంటి వాటిపై దేశంలో పెట్టిన పెట్టుబడి), రెండూ జీడీపీలో శాతంగా. 1991 నుంచి తీసుకుంటే సంబంధం ధనాత్మకం. 2012–2022 మాత్రమే తీసుకుంటే రుణాత్మకం. ఎఫ్‌డీఐని ఏడాది వెనక్కి జరిపి చూశాను, 2020 తీసేశాను, గుర్తు మారలేదు.

ఇప్పటికే ఉన్న కంపెనీల కొనుగోళ్ల మీద అనుమానం. మా వైపు ఎవరో తవ్విన రొయ్యల చెరువును బయటివాళ్లు కొంటే డబ్బొస్తుంది గానీ కొత్త చెరువు రాదు కదా! అందుకే ఆర్‌బీఐ పట్టికలోని ‘వాటాల కొనుగోలు’ వరుసను తీసేద్దామనుకున్నాను. కానీ 2020లో జియో ప్లాట్‌ఫామ్స్‌లో ఫేస్‌బుక్ పెట్టిన 43,574 కోట్ల లాంటివి కొత్త షేర్ల కిందే వచ్చాయి, ఆ వరుసలో పడవు.

మరి కొత్త ఫ్యాక్టరీలకు, యంత్రాలకు వెళ్లిన ఎఫ్‌డీఐని ఏడాదివారీగా ఏ లెక్కల నుంచి విడదీయాలి?