అడవిపందుల కోసం విల్లు నేర్చుకుందామనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉదయగిరి_మెట్టరైతు:
అందరికీ నమస్కారం. మాది ఉదయగిరి కొండ కింద ఊరు. వేరుశనగ, కంది వేస్తాం. కాయ ఊరే టైముకి పందులు గుంపుగా దిగి, తెల్లారేసరికి సాళ్లకి సాళ్లు తవ్వేసి పోతాయి. చుట్టుపక్కల కొందరు కరెంటు తీగలు లాగుతున్నారు. నాకు అది ఇష్టం లేదు, రాత్రిపూట నీళ్లు కట్టడానికి పోయే మనుషులే పోతారు. అమెరికాలో విల్లుతో పందుల్ని వేటాడే వీడియోలు చూశాక నేర్చుకోవాలని గట్టిగా అనిపించింది. ఇప్పటిదాకా విల్లు పట్టుకున్నది లేదు. ఆన్‌లైన్‌లో 50 పౌండ్ల కాంపౌండ్ విల్లు ఒకటి చూసి పెట్టుకున్నా. కొనమంటారా? నెల్లూరు వైపు నేర్పేవాళ్లు ఉన్నారా?

కావలి_విలుకాడు:
అన్నా, 50 పౌండ్లది ఇప్పుడే కొనొద్దు. పౌండ్లంటే విల్లు తూకం కాదు, నారి లాగడానికి పట్టే బలం. పొలం పని చేసే ఒళ్లు కాబట్టి లాగేస్తానని అనిపిస్తుంది, లాగుతారు కూడా. కానీ విల్లు లాగేది చేతి కండ కాదు, రెక్క ఎముకల మధ్య వీపు కండ. అది మనకి రోజువారీ పనుల్లో అంతగా వాడకంలో ఉండదు. బరువు ఎక్కువైతే భుజం పైకి లేస్తుంది, నారి గడ్డం దాకా రాకముందే వదిలేస్తారు, ఆ అలవాటు పోగొట్టుకోవడానికి నేర్చుకున్నంత కాలం పడుతుంది. భుజం కీలు దెబ్బతింటే పొలం పని కూడా ఆగిపోతుంది.

పెద్దవాళ్లు 18 నుంచి 24 పౌండ్ల రికర్వ్‌తో, అంటే కొనలు ముందుకి వంగి ఉండే, కప్పీలు లేని విల్లుతో మొదలుపెట్టడం మంచిది. టేక్‌డౌన్ రకం తీసుకోండి, అంటే మధ్య పిడి, పైనా కిందా రెక్కలు విడివిడిగా వచ్చేది. ఒళ్లు అలవాటు పడ్డాక రెక్కలు మాత్రం మార్చి బరువు పెంచుకోవచ్చు. రెక్క మీద రాసిన పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. మీరు అంతకన్నా తక్కువ లాగితే అంగుళానికి సుమారు రెండు పౌండ్లు తగ్గుతుంది.

కొనల్లో కప్పీలు ఉండే కాంపౌండ్ సంగతి వేరు. పూర్తిగా లాగాక కప్పీల వల్ల బరువులో ముప్పావు వంతుకు పైగా తగ్గిపోతుంది, అందుకే గురిపెట్టి నిలబడటం తేలిక. కానీ అది యంత్రం. నారి మార్చాలన్నా బో ప్రెస్ అనే పరికరం కావాలి. మంచి సెట్టు లక్ష దాటుతుంది. మొదటి విల్లుగా అది వద్దనే నా మాట.

ఇంకొకటి. ఏ విల్లయినా సరే, బాణం లేకుండా నారి లాగి వదలొద్దు. బాణంలోకి పోవాల్సిన శక్తి అంతా తిరిగి రెక్కల మీదే పడి అవి పగులుతాయి. ఇంటికొచ్చిన చుట్టాలు సరదాకి లాగి చూస్తామంటారు, వాళ్లకి ఇవ్వకండి.

ఒంగోలు_వకీలు:
విల్లు సంగతి తర్వాత, ముందు చట్టం సంగతి వినండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేట నిషేధం. తుపాకీతోనా, విల్లుతోనా, ఉచ్చుతోనా అన్న తేడా లేదు. చంపడమే కాదు, చంపే ప్రయత్నం కూడా చట్టం దృష్టిలో వేటే. అడవిపంది ఇప్పుడు ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూల్ జంతువైనా, అభయారణ్యం లోపల వేటాడినా మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది. విల్లు, బండి కూడా స్వాధీనం చేసుకుంటారు. మీ సొంత పొలం అన్న వాదన నిలవదు.

ఒక దారి ఉంది. నిలబడిన పంటకి ప్రమాదంగా మారిన రెండో షెడ్యూల్ జంతువుని తొలగించడానికి సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ కాగితం లేకుండా ఎవరు చేసినా నేరమే. పంట నష్టం ఫోటోలు, సర్వే నంబరు, తేదీలు పెట్టి అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ ఒక్కరి అర్జీ కన్నా ఊరంతా కలిసి ఇస్తే బరువు ఉంటుంది.

గిద్దలూరు_శ్రీను:
మరి నల్లమలలో చెంచులు విల్లంబులతోనే తిరుగుతారు కదా సార్? వాళ్లకి లేని రూలు మనకెందుకు?

ఒంగోలు_వకీలు:
వాళ్లకీ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చాలా హక్కులు ఇచ్చింది, తేనె, గడ్డలు, అడవి ఫలసాయం అన్నీ. కానీ సంప్రదాయ వేట హక్కుని మాత్రం అందులోనే స్పష్టంగా మినహాయించారు.

దోర్నాల_టీచర్:
శ్రీను గారు, నేను చెంచు గూడేల పిల్లలకి పాఠాలు చెబుతాను కాబట్టి ఒక మాట. వాళ్ల చేతిలో విల్లు కనిపించగానే వేటగాళ్లని అనేయడం న్యాయం కాదు. పులుల అభయారణ్యంలో కాపలా పనుల్లో, జంతువుల జాడ తీయడంలో అటవీ శాఖకి సాయంగా ఉండేది కూడా వాళ్లే. ఆ పిల్లలకి వెదురు విల్లు మీద ఉన్న పట్టు చూస్తే, సరైన కోచ్ దొరికితే ఎంత దూరం పోతారో అనిపిస్తుంది. వెదురు విల్లుతోనే ఆడే ఇండియన్ రౌండ్ పోటీలు జాతీయ స్థాయిలో ఉన్నాయి. ఖరీదైన సామాను లేకుండా మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి దారి లేదు, రైతుగారికైనా సరే.

డల్లాస్‌లో_నెల్లూరోడు:
మాది ఆత్మకూరు, ఇప్పుడు టెక్సస్‌లో ఉంటాను. ఇక్కడ విల్లుతో పందుల వేటకి వెళ్తుంటాను కాబట్టి ఆ వీడియోల వెనక ఉన్నది చెబుతాను.

ఇక్కడి పందులు స్పెయిన్ వాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు తెచ్చిన పెంపుడు పందుల సంతతి, యూరప్ నుంచి తెచ్చి వదిలిన అడవిపందులు కూడా వాటిలో కలిశాయి. ఈ నేలవి కావు. అందుకే 2019 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, లైసెన్సు కూడా లేకుండా వాటిని వేటాడొచ్చు. మనవైపు ఉన్నది మన అడవిదే, పులికీ చిరుతకీ తిండి. ఇక్కడి రూలు అక్కడ పెట్టి చూడకూడదు.

బాణం తూటాలాగా పని చేయదు. పదునైన బ్లేడ్ల ములికి లోపల కోస్తే రక్తం పోయి జంతువు పడాలి. అంటే ఊపిరితిత్తులు, గుండె ఉన్న చోటే తగలాలి. పందికి అవి మనం ఊహించేదానికన్నా ముందుకి, కిందికి ఉంటాయి. ముదురు మగపందికి భుజం మీద గట్టి కవచంలాంటి పొర ఉంటుంది. అందుకే మేం ఇరవై గజాల్లోకి వచ్చేదాకా కదలకుండా కూర్చుంటాం, కొద్దిగా అవతలికి తిరిగి నిలబడితేనే వదులుతాం. కొట్టాక వెంటనే వెనక పడం, అరగంట ఆగి రక్తం జాడ పట్టుకుని పోతాం. చీకట్లో, వేరుశనగ చేలో, గాయపడిన పంది ఎదురొస్తే ప్రాణం మీదికి వస్తుంది. గాయంతో పారిపోయి రోజుల తరబడి చచ్చే జంతువు బాధ కూడా మన ఖాతాలోదే.

ఇంకో సంగతి, విల్లుతో పంట దక్కదు. ఏటా మూడింట రెండు వంతుల పందుల్ని తీస్తే తప్ప మంద పెరగకుండా ఆగదని ఇక్కడి వ్యవసాయ విస్తరణ వాళ్లు చెప్పే లెక్క. అందుకే రైతులు మందని మొత్తం పట్టే పెద్ద బోన్లు వాడతారు. నేను వేటకి వెళ్లేది నాకు ఇష్టమై, ఆ మాంసం తింటాను కాబట్టి. ఎవరి పొలాన్నో కాపాడానని అనుకోను.

ఉదయగిరి_మెట్టరైతు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. అర్జీ సంగతి సర్పంచ్‌తో మాట్లాడతా. కానీ విల్లు మీద మనసు పోలేదు. వేట లేకపోయినా నేర్చుకోవాలనే ఉంది. వేటలాంటిదే పోటీ ఏదైనా ఉందా? పొలంలో టార్గెట్ ఎట్లా పెట్టుకోవాలి?

కందుకూరు_పీఈటీ:
ఉంది. త్రీడీ ఆర్చరీ అంటారు. జింక, పంది, ఎలుగుబంటి ఆకారాల్లో ఫోమ్ బొమ్మలు అడవి బాటలో అక్కడక్కడా పెడతారు. దూరం ఎంతో చెప్పరు, కంటితో అంచనా వేసుకుని కొట్టాలి. మీకు కావలసింది అదే అనిపిస్తోంది. మన దేశంలో ఎక్కువగా జరిగేవి టార్గెట్ పోటీలే. రికర్వ్ 70 మీటర్లు, కాంపౌండ్ 50 మీటర్లు. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది కాంపౌండ్‌లోనే. ధీరజ్ బొమ్మదేవర కూడా విజయవాడవాడే, ఆడేది రికర్వ్. కోచింగ్‌కి విజయవాడలో అకాడమీలు ఉన్నాయి. ముందు నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి పోయి క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసులో అడగండి. మొదటి నెలలు ఎవరైనా పక్కన నిలబడి భుజం, మోచేయి సరిచేయాలి. వీడియో చూస్తే సరిపోదు.

కొనేముందు ఏ కన్ను బలమో చూసుకోండి. రెండు చేతులతో చిన్న సందు చేసి దూరంగా ఉన్న స్తంభాన్ని రెండు కళ్లతో చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు స్తంభం సందులోనే నిలుస్తుందో అదే బలమైన కన్ను. కుడి కన్నయితే కుడిచేతి విల్లు.

కావలి_విలుకాడు:
టార్గెట్‌కి గోనెసంచిలో పాతగుడ్డలు గట్టిగా కూరండి. థర్మాకోల్ వద్దు, బాణానికి అతుక్కుంటుంది. వెనక ఎత్తైన మట్టిగట్టు తప్పనిసరి. 25 పౌండ్ల విల్లు బాణం కూడా గురి తప్పితే వంద మీటర్లు దాటిపోతుంది, మనవైపు చేల గట్ల మీద గొర్రెల కాపరులు ఎప్పుడూ ఉంటారు. మొదట్లో పది మీటర్లు చాలు. కార్బన్ బాణమైతే ప్రతిసారీ వంచి, తిప్పి చూడండి. చిన్న పగులు ఉన్నా వాడకండి, వదిలినప్పుడు చీలి చేతిలో దిగుతుంది. రోహిణి కార్తెలో విల్లుని కారులో వదలకండి, వేడికి రెక్కల పొరలు ఊడతాయి.

ఉదయగిరి_మెట్టరైతు:
నాకు బాణం ఎంత పొడవు కావాలి?

కందుకూరు_పీఈటీ:
చేతులు రెండూ బార్లా చాపి కొలిపించుకోండి. దాన్ని రెండున్నరతో భాగిస్తే మీరు లాగే పొడవు వస్తుంది. బార 175 సెంటీమీటర్లయితే 70, అంటే 27న్నర అంగుళాలు. బాణం దానికన్నా రెండు అంగుళాలు ఎక్కువ తీసుకోండి, పొట్టి బాణం పిడి దాటి లోపలికి వచ్చి చేతికి తగులుతుంది. కొలత ఇక్కడ పెట్టండి, విల్లు సైజు కూడా చెబుతాను.

ఉదయగిరి_మెట్టరైతు:
168 వచ్చింది మేడం.

కందుకూరు_పీఈటీ:
అయితే మీ లాగుడు 26న్నర అంగుళాలు. 66 అంగుళాల విల్లు, 20 పౌండ్ల రెక్కలు, 28న్నర అంగుళాల బాణాలు. చేతికవచం, వేళ్లకి తోలు ట్యాబ్ మర్చిపోకండి.