ఒంట్లో శక్తి ఉన్నా హెపటైటిస్-బి ఎందుకు పోదు?

గోదారిగట్టు:
పోయిన నెల మా తమ్ముడు రక్తదానానికి వెళ్తే హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రోటీన్) పాజిటివ్ అని చెప్పారు. వాడికి 29 ఏళ్లు, జ్వరమొచ్చి పడుకున్న రోజులు కూడా తక్కువ. ఇంట్లో అందరం చేయించుకుంటే అమ్మకీ పాజిటివే. వాడి ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 24, అంటే నార్మల్, ఇంకో కాగితంలో చూస్తే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, వేలల్లో ఉంది. ఇన్నేళ్లుగా వైరస్ రక్తంలో తిరుగుతుంటే తెల్లకణాలు ఏం చేస్తున్నట్టు? పెదనాన్నేమో ఇమ్యూనిటీ తగ్గింది, పసరు పోయిస్తే పోతుందంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ అక్క:
పసరు మాత్రం వద్దండీ, కొన్ని ఆకుమందులు లివర్‌నే దెబ్బతీస్తాయి. ఎ, ఇ రకాల కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకొచ్చింది.

మీ తమ్ముడి ఇమ్యూనిటీ తక్కువేం కాదు. మామూలుగా ఏ వైరస్ దూరినా ఆ కణం ఇంటర్‌ఫెరాన్ విడుదల చేసి చుట్టుపక్కలకి కబురు పెడుతుంది. బి వైరస్ కణ కేంద్రకంలో చిన్న గుండ్రటి డీఎన్‌ఏగా మకాం వేసి, తన కాపీలను ఒక తొడుగు లోపలే తయారుచేసుకుంటుంది, అందుకే ఆ కబురు పుట్టదు. చింపాంజీల లివర్‌లో పరీక్షించినప్పుడు మొదటి వారాల్లో ఇంటర్‌ఫెరాన్ జన్యువుల్లో చలనమే కనబడలేదు.

పైగా ఒక్కో అసలు వైరస్‌కి వెయ్యి నుంచి లక్ష దాకా ఖాళీ డొల్లలు రక్తంలోకి వదులుతుంది. మీ రిపోర్టులో పాజిటివ్ అని వచ్చిన హెచ్‌బీఎస్‌ఏజీ ఎక్కువగా ఆ డొల్లలదే. ఏళ్ల తరబడి అదే కనబడుతుంటే టీ కణాల (వైరస్ పట్టిన కణాల మీద దాడిచేసే తెల్లకణాలు) మీద పీడీ-1 అనే బ్రేకు బిగుసుకుంటుంది. కణాలు ఉంటాయి, శత్రువుని గుర్తుపడతాయి కూడా, కానీ చేయి ఆడదు. లివర్‌ని పాడుచేసేది ఎక్కువగా వైరస్ కాదు, మన టీ కణాల దాడే, కాబట్టి ఎస్‌జీపీటీ 24 అంటే ప్రస్తుతం దాడి పెద్దగా లేదని అర్థం, వైరస్ లేదని కాదు.

అమ్మకీ ఉందన్నారు కదా, పుట్టుకలోనే అంటి ఉండొచ్చు. టీకా పడకపోతే అలాంటి పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి ఉండిపోతుంది, పెద్దయ్యాక అంటితే 5 శాతం లోపే.

పాత పేషెంట్:
నాకు ఉండింది హెపటైటిస్-సి. అది దాక్కోదు, తీగ తెంపుతుంది. వైరస్ వచ్చిందన్న సంకేతాన్ని ముందుకు పంపే మావ్స్ అనే ప్రోటీన్ మైటోకాండ్రియా మీద ఉంటుంది, సి వైరస్ తన ప్రోటియేజ్‌తో, అంటే ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌తో, దాన్ని కోసేస్తుంది. 2005లో ఇది బయటపడింది. ఆ కత్తెరకి అడ్డుపడే మందులు 2011లో వచ్చాయి, నేను వాడినవి వాటి తర్వాతివి, 12 వారాలు మింగాను, పూర్తిగా పోయింది. సి వైరస్‌కి కేంద్రకంలో మకాం లేదు గనక అది సాధ్యం. టెనోఫోవిర్ అనే మందుతో బి అణిగి ఉంటుంది గానీ ఆ గుండ్రటి డీఎన్‌ఏ మిగిలే ఉంటుంది, అందుకే డాక్టర్‌ని అడక్కుండా మందు మానకూడదు.

గోదారిగట్టు:
పసరు మాట ఇంట్లో ఆపించాను. వాడికి పెళ్లి కుదిరింది, అమ్మాయి వాళ్లకి చెప్పాలా?

ల్యాబ్ అక్క:
తప్పకుండా చెప్పండి. ఆ అమ్మాయికి ముందు టెస్టు, నెగెటివ్ వస్తే మూడు డోసుల టీకా: ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి. మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు మార్పిడి పద్ధతిలో చేసిన) బి టీకా తెచ్చింది, అప్పట్నుంచి ధర బాగా దిగింది. తమ్ముడికీ అమ్మకీ ఆరు నెలలకోసారి ఎస్‌జీపీటీ, డాక్టర్ చెప్పినప్పుడు వైరల్ లోడ్, స్కానింగ్. ఈ వారంలోనే అమ్మని కూడా లివర్ డాక్టర్‌కి చూపించండి, ఆవిడకి ఇన్నేళ్లూ ఏ టెస్టూ జరగలేదు కదా.