ఇషాపూర్ రైఫిల్ కొనాలనుకుంటున్నాను, జిడ్డు తీయడం ఎలా?

ఫ్రిస్కో నుంచి కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. హెచ్-1బి వీసా మీద ఈ వేసవిలోనే టెక్సస్‌కు వచ్చాను. మా తాతగారు ఏపీఎస్పీ పటాలంలో హెడ్ కానిస్టేబులుగా పనిచేసినవారు కనుక పోలీసుల త్రీ నాట్ త్రీ (.303) రైఫిలు కబుర్లు వింటూ పెరిగాను. పోయిన శనివారం ఇక్కడి గన్ షోలో ఒక బల్ల మీద అచ్చం అలాంటిదే కనిపించింది. దాని మీద 2ఏ1 అనీ, ఆర్.ఎఫ్.ఐ. (బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిలు కర్మాగారం) 1966 అనీ ముద్ర ఉంది. కర్ర, ఇనుము అంతా గోధుమరంగు జిడ్డు పట్టి ఉంది. అమ్మే పెద్దమనిషి తాను దుకాణదారుణ్ణి కాననీ, సొంత సేకరణలోంచి అమ్ముకుంటున్నాననీ, కాగితాలేమీ అక్కర్లేదనీ చెప్పారు. నేను తెలుసుకోవాలనుకున్నవి రెండే: కర్ర చెడిపోకుండా ఆ జిడ్డును ఎలా తీయాలి, త్రీ నాట్ త్రీ తూటాలు ఇప్పటికీ దొరుకుతాయా?

ప్లానో నుంచి:
జిడ్డు సంగతి తరువాత చూద్దాం. మీరు హెచ్-1బి అన్నారు కనుక ముందు ఆ బల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళకండి. వలసేతర వీసా (హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా) మీద దేశంలోకి వచ్చినవారు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోకూడదని 1998లో ఫెడరల్ చట్టంలో చేర్చారు. కొనడం ఒక్కటే కాదు, చేతిలో పట్టుకోవడం కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. మనవాళ్ళు గుంపుగా వేగాస్ వెళ్ళి, రేంజిలో (డబ్బు కట్టి తుపాకి కాల్చే చోట) అద్దె తుపాకి పేల్చి, ఫొటోలు పెట్టుకుంటారు చూడండి, వారిలో సగం మందికి ఈ సంగతి తెలియదు. దీనికి శిక్ష గరిష్ఠంగా పదేళ్ళు ఉండేది, 2022లో పదిహేనేళ్ళకు పెంచారు. తుపాకి కేసులో శిక్ష పడితే వలస చట్టం ప్రకారం దేశం నుంచి పంపివేయడానికి అదే కారణం అవుతుంది.

దారి లేకపోలేదు. ఏదో ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. వేటకు వెళ్ళవలసిన పని కూడా లేదు, లైసెన్సు చేతిలో ఉంటే చాలు. కాకపోతే టెక్సస్‌లో వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. కొత్త ఏడాదివి ఆగస్టు నడిమి నుంచే అమ్ముతారు గాని అవి సెప్టెంబరు 1 నుంచి మాత్రమే అమలులోకి వస్తాయి. ఈ మధ్యకాలంలో మీ జేబులో ఒక కాగితం ఉంటుంది కాని అది చెల్లదు. ఆరు నెలలు ఇక్కడ నివసించనివారు పరాయి రాష్ట్రంవారి ధర కట్టాలి, అది గట్టిగానే ఉంటుంది. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తరువాత గాని పుట్టినవారికి వేట శిక్షణ కోర్సు తప్పనిసరి. పదిహేడేళ్ళు నిండినవారు ఆ కోర్సును ఒక్కసారికి వాయిదా వేసే అనుమతి కొనుక్కోవచ్చు.

ప్రైవేటుగా అమ్మే మనిషి టెక్సస్‌లో ఫారం నింపించనవసరం లేదన్న మాట నిజమే. అది ఆయనకున్న వెసులుబాటు మాత్రమే, మీ మీద ఉన్న నిషేధం దానితో తొలగిపోదు. దుకాణంలో కొంటే 4473 అనే ఫారం నింపాలి. వలసేతర వీసా ప్రశ్నకు, మినహాయింపు ప్రశ్నకు నిజమే రాయాలి, ఎందుకంటే అబద్ధం రాస్తే అదే వేరే నేరం.

హ్యూస్టన్ నుంచి:
ప్లానో వారు చెప్పింది సబబే గాని ముఖ్యమైనది వదిలేశారు. పౌరులు కానివారు ఒకే రాష్ట్రంలో మూడు నెలలుగా ఉంటున్నట్టు కరెంటు బిల్లులు చూపితే తప్ప దుకాణదారు తుపాకి ఇవ్వడు. నేను గ్రీన్ కార్డు మీద కొన్నప్పుడు అన్నీ పట్టుకెళ్ళవలసివచ్చింది.

ఇంకొకటి, మీరు అపార్టుమెంటులో ఉంటున్నారా? ఉంటే నా అనుభవం వినండి. అప్పట్లో నేను ఒక పాత లీ-ఎన్‌ఫీల్డు (బ్రిటిషువారి త్రీ నాట్ త్రీ రైఫిలు) తెచ్చుకుని బాల్కనీలో విడదీసి మినరల్ స్పిరిట్స్‌తో (పెయింటు పలచన చేసే ద్రావకంతో) తుడుస్తున్నాను. పక్క వాటాలో ఉండేవారు వాసన వస్తోందని కార్యాలయానికి ఫోను చేశారు. మేనేజరుగారు వచ్చి తలుపు తట్టారు. వాసన గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. బల్ల మీద పరిచిన బోల్టును, గొట్టాన్ని చూసి వెనక్కి వెళ్ళిపోయారు. మర్నాడు తలుపుకు నోటీసు అంటించారు. ఒప్పందంలో ఏదో మూల చిన్న అక్షరాలతో ఆయుధాలు ఉంచరాదన్న వాక్యం ఉందట, వారంలోగా తీసివేయకపోతే ఇల్లు ఖాళీ చేయాలట. ఆ వాక్యం చూపించమని అడిగితే అది వేరే అనుబంధంలో ఉందన్నారు. అనుబంధం చూపించమంటే పై ఆఫీసు నుంచి రావాలన్నారు. రైఫిలును ఊరి చివర స్నేహితుని ఇంట్లో దాచి మిగిలిన నెలలు గడిపాను. ఖాళీ చేసే రోజున మేనేజరుగారే స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ మీద రూపాయి బిళ్ళంత జిడ్డు మరకను టేపుతో కొలిచి, గది మొత్తం తివాచీ మార్చాలని డిపాజిట్టులో ఎక్కువ భాగం కోసేశారు. ఆ మరక నాకంటే ముందున్నవారిదని, చేరిన రోజు తీసిన ఫొటో చూపినా వినలేదు. అందుచేత సంతకం చేసే ముందు అనుబంధాలతో సహా మొత్తం చదవండి.

ప్లానో నుంచి:
హ్యూస్టన్ వారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ రెండు నిబంధనలూ ఇప్పుడు లేవు. తొంభై రోజుల నివాసం నిబంధనను 2012లోనే ఎత్తివేశారు. టెక్సస్‌లో అద్దె యజమాని చట్టబద్ధమైన తుపాకిని వాటాలో ఉంచుకోరాదని ఒప్పందంలో పెట్టకూడదని 2019లో చట్టం వచ్చింది. మీ మేనేజరు ఇవాళ ఆ నోటీసు అంటించలేరు.

హ్యూస్టన్ నుంచి:
చట్టం కాగితం మీద వచ్చింది. ఆ మేనేజరు తివాచీ కొలవడం మాత్రం ఏ చట్టమూ ఆపదు. మూడు నెలల నిబంధన పోయిందంటే సంతోషం. అయినా బిల్లులు జేబులో ఉంటే నష్టమేమిటి?

ఎడిసన్ నుంచి:
టెక్సస్ వారు తమ రాష్ట్రమే అమెరికా అనుకుంటారు. మా న్యూజెర్సీలో కొనుగోలుదారు గుర్తింపు కార్డు లేనిదే రైఫిలు కొనలేరు. ఇల్లినాయిలో ఫోయిడ్ అనే తుపాకి యజమాని గుర్తింపు కార్డు, వాషింగ్టన్ రాష్ట్రంలో మనబోటి వీసాదారులకు ప్రత్యేకంగా ఒక లైసెన్సు. రేపు ఉద్యోగం మారి రాష్ట్రం మారితే ఆ రైఫిలును ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

ఉద్యోగం మాట వచ్చింది కనుక మరొకటి. ఫ్లారిడాలో రెహైఫ్ అనే విద్యార్థి, కళాశాల నుంచి తొలగించాక వీసా హోదా పోయినా దేశంలోనే ఉండి, రేంజికి వెళ్ళి కాల్చినందుకు కేసులో ఇరుక్కున్నాడు. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళితే, అతనికి తన హోదా సంగతి తెలుసునని ప్రభుత్వం రుజువు చేయాలని తీర్పు వచ్చింది. హెచ్-1బి వారికి ఉద్యోగం పోయాక సాధారణంగా గరిష్ఠంగా అరవై రోజులు గడువు. అది దాటి ఉండిపోతే వేట లైసెన్సు మినహాయింపు కూడా మిమ్మల్ని కాపాడదు.

ఏదో ఒక పాత తుపాకి గోడకు ఉండాలన్నదే కోరిక అయితే, 1898లో గాని అంతకు ముందు గాని తయారైనదాన్ని ఫెడరల్ చట్టం తుపాకిగానే లెక్కపెట్టదు, టెక్సస్ చట్టం కూడా అంతే. 2003లో నేపాల్ పాత ఆయుధశాల నుంచి ఇక్కడికి వచ్చిన మార్టీనీ-హెన్రీ అనే పాత బ్రిటిషు రైఫిళ్ళలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఇషాపూర్‌వి మాత్రం ఇరవయ్యో శతాబ్దానివి, వాటికి ఆ వెసులుబాటు లేదు.

హంట్స్‌విల్ నుంచి:
ఇంతమంది పెద్దలు మాట్లాడారు గాని, అబ్బాయి అడిగిన తూటాల ప్రశ్నలో ఉన్న ప్రమాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బాబూ, మీరు చూసినది త్రీ నాట్ త్రీ కానే కాదు. చైనా యుద్ధం తరువాత ఇషాపూర్ వారు పాత ఎన్‌ఫీల్డు రూపాన్నే ఉంచి 7.62 నేటో తూటాకు తయారుచేసిన రైఫిలు 2ఏ, దాని తరువాతది 2ఏ1. గురిచూసే వెనుక సైటు మీది దూరం అంకె 2000కు బదులు 800 వద్ద ఆగుతుంది, మ్యాగజైను నలుచదరంగా ఉండి పన్నెండు తూటాలు పడుతుంది. త్రీ నాట్ త్రీ తూటాకు అడుగున అంచు ఉంటుంది, దీనికి ఉండదు. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టే ప్రయత్నమే చేయకూడదు. మీ తాతగారి చేతిలో ఉన్నది కూడా త్రీ నాట్ త్రీయే అయి ఉండనవసరం లేదు. పోలీసులకు, కాపలావారికి అదే రైఫిలు గొట్టాన్ని నునుపు చేసి .410 మస్కెట్లుగా మార్చి ఇచ్చేవారు. ఇంట్లో పాత ఫొటో ఉంటే చూడండి. త్రీ నాట్ త్రీకి ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవం నాడు వీడ్కోలు చెప్పారు.

ఇక జిడ్డు. దాన్ని కాస్మోలిన్ అంటారు, తుప్పు పట్టకుండా సైన్యం పూసినది. బోల్టు, మ్యాగజైను విడదీసి, కర్రను నల్ల చెత్తసంచిలో చుట్టి మీ టెక్సస్ ఎండలో పెట్టండి. కర్ర చెమట పట్టినట్టు జిడ్డు పైకి ఉబికి వస్తుంది, పాత గుడ్డతో తుడుస్తూ మళ్ళీ మళ్ళీ పెట్టండి. ఇనుముకు మినరల్ స్పిరిట్స్ చాలు, పెట్రోలు దరికి రానీయకండి. ఉప్పుకాగితంతో కర్ర రుద్దారంటే తనిఖీ ముద్రలు పోతాయి, సేకరించేవారి దృష్టిలో సగం విలువ అక్కడే పోయినట్టు. ముందు భాగంలో కర్రకు అడ్డంగా ఒక మర కనిపిస్తుంది, అది ఎవరో చేసిన మరమ్మతు కాదు, ఇషాపూర్ పద్ధతే, పీకవద్దు. తరువాత పచ్చి అవిసె నూనెను అరచేత్తో పలుచగా పట్టించి, ఆరాక మళ్ళీ పట్టించండి. నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విప్పి బయట ఆరేయండి.

హ్యూస్టన్ నుంచి:
2ఏ1లో దుకాణంలో దొరికే త్రీ నాట్ ఎయిట్ (.308, నేటో తూటాకు పౌరుల రకం) వేసి ఏళ్ళ తరబడి కాలుస్తున్నాను. ఏమీ కాలేదు. బయటి కొలతలు రెండూ దాదాపు ఒకటే.

హంట్స్‌విల్ నుంచి:
మీ రైఫిలుకు ఏమీ కాలేదు. సైనిక రైఫిలులో తూటా కూర్చునే గదిని కాస్త లోతుగా చేస్తారు, త్రీ నాట్ ఎయిట్ ఇత్తడి గోడ నేటో దానికంటే సాధారణంగా పలుచన. అరిగిన బోల్టు తల తోడైతే తూటా ఇత్తడి తొడుగు మొదలు దగ్గరే చీలవచ్చు. నాలుగో నంబరు ఎన్‌ఫీల్డుకు బోల్టు తలలు 0 నుంచి 3 దాకా అంకెలతో ఉంటాయి, మార్చుకోవచ్చు. మీ 2ఏ1 రకానికి అంకెలు లేవు, పరీక్షించి అమర్చుకోవాలి. ఆ గది లోతును కొలిచే గేజి పెట్టించకుండా కాల్చమని కొత్తవారికి మాత్రం చెప్పకండి.

ఫ్రిస్కో నుంచి:
అందరికీ ధన్యవాదాలు. శిక్షణ కోర్సుకు పేరు నమోదు చేసుకున్నాను. సెప్టెంబరు ఒకటి దాటేవరకు ఆ రైఫిలు ముట్టుకోను. అమ్మేవారు పక్కన పెడతానంటూ బయానా అడుగుతున్నారు, ఇవ్వవచ్చా?

ప్లానో నుంచి:
ఇవ్వకండి. లైసెన్సు వచ్చాక ఆయన్నే ఒక దుకాణానికి రమ్మని, 4473 మీదుగానే కొనండి. తుపాకుల మరమ్మతు తెలిసినవారు అక్కడే ఉంటారు, హంట్స్‌విల్ వారు చెప్పిన గేజి పరీక్ష కూడా ఆ బల్ల మీదే చేయించండి. బోల్టు మీది నంబరు, రిసీవరు (బోల్టు అమరే ఇనుప చట్రం) మీది నంబరు ఒకటేనో కాదో డబ్బు లెక్కపెట్టే ముందే చూసుకోండి. ఇండియా వెళ్ళేటప్పుడు రేంజికి తీసుకెళ్ళిన సంచిని మాత్రం సామానులో పెట్టకండి. అడుగున చిక్కుకున్న ఒక్క తూటా విమానాశ్రయం ఎక్స్-రేలో కనిపిస్తే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, తెలియక ఉండిపోయిందని కోర్టులో చెప్పుకునేసరికి మీ వీసా స్టాంపింగు తేదీ దాటిపోతుంది.