శుభలేఖలో "కానుకలు స్వీకరించబడవు" అని వేస్తే పాత చదివింపులు ఎలా తీర్చాలి?

నమస్కారం. పెద్దవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు కాస్త సలహా చెప్పండి.

1998లో మా అక్క పెళ్లప్పుడు రాసిన చదివింపుల పుస్తకం అమ్మ ఇంకా దాచుకుంది. పేరు, ఊరు, ఎంత చదివించారు అని వరసగా ఉంటుంది. ఎక్కువమంది 116, కొందరు 516, ఒకరిద్దరు స్టీలు బిందెలు. ఎవరింట్లో శుభకార్యం వచ్చినా అమ్మ ముందు ఆ పుస్తకం తీస్తుంది. అప్పట్లో 116 చదివించిన ఒక కుటుంబం ఇప్పుడు మనవరాలి పెళ్లి చేస్తోంది. మధ్యలో వాళ్లింట్లో ఏ శుభకార్యానికీ మేం వెళ్లలేకపోయాం.

మొదటి సందేహం: ఎంత పెట్టాలి? అప్పుడు పది గ్రాముల బంగారం నాలుగు వేల చిల్లర, ఇప్పుడు లక్ష దాటింది. ఆ లెక్కన 116 అంటే దాదాపు మూడు వేలు! అమ్మేమో 1,116 చాలంటోంది. వడ్డీ కట్టినట్టు మరీ ఎక్కువ పెడితే వాళ్లకే ఇబ్బందట. అదీ నిజమేననిపిస్తుంది.

అసలు టెన్షన్ ఇది కాదు. శుభలేఖ కింద "కానుకలు స్వీకరించబడవు" అని వేశారు. ఆ మాట కొత్తవాళ్లకే గానీ మనలాంటి బాకీ ఉన్నవాళ్లకు కాదని అమ్మ వాదన. వద్దన్నాక కవరు ఇస్తే బాగుంటుందా? లేక పెళ్లయ్యాక అమ్మాయిని, అల్లుణ్ణి భోజనానికి పిలిచి బట్టలు పెడితే చెల్లినట్టేనా? మీ వైపు ఏం చేస్తారో చెప్పండి, ముఖ్యంగా ఇలా వద్దని వేయించి పెళ్లి చేసినవాళ్లు.