వంటింటి ఉప్పు: సంయోగ పదార్థమా, మిశ్రమమా?

అరమార్కు నాన్న:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పరీక్షలో "వంటింటి ఉప్పు మిశ్రమమా, సంయోగ పదార్థమా?" అని అడిగితే మిశ్రమం అని రాసింది. టీచర్ తప్పని కొట్టేశారు. మా అమ్మాయి ఇంటికొచ్చి ఉప్పు ప్యాకెట్ తిప్పి చూపించింది. చిన్న అక్షరాల్లో అయొడిన్ కోసం కలిపే పొటాషియం అయొడేట్, గడ్డ కట్టకుండా కలిపేది ఇంకొకటి. "మరి ఇవేంటి నాన్నా?" అంది. నాకు నోట మాట రాలేదు.

పాత లెక్చరర్:
టీచర్ చెప్పిందే కరెక్టండీ. ఉప్పంటే సోడియం క్లోరైడ్. ఎక్కడ తీసినా 23 గ్రాముల సోడియానికి 35.5 గ్రాముల క్లోరిన్. ఆ నిష్పత్తి మారదు, అదే సంయోగ పదార్థం గుర్తు. నీళ్ళు తగిలితే భగ్గుమనే లోహం, ఊపిరాడనివ్వని వాయువు కలిసి మనం పప్పులో వేసుకునే వస్తువైంది. మిశ్రమంలో గుణాలు అలా మారిపోవు.

వంటింటి ల్యాబ్:
నిష్పత్తి సంగతి మీరే ఎత్తారు కదా సార్. మన దేశంలో ఉప్పులో అయొడిన్ తయారీ చోట ఉండాల్సిన దానికంటే అమ్మే చోట తక్కువున్నా, పది లక్షల పాళ్ళకు కనీసం 15 ఉంటే చాలు. అంటే దారిలో తగ్గుతుందని రూలే ఒప్పుకుంటోంది. తగ్గినా దాన్ని అయొడైజ్డ్ ఉప్పనే అమ్ముతారు. ఇది మిశ్రమం లక్షణం కాదా?

పాత లెక్చరర్:
పది లక్షల పాళ్ళకు 15 అంటే కిలోకి 15 మిల్లీగ్రాములండీ! అది కూడా లెక్కేస్తే ల్యాబ్ సీసాలో ఉప్పు కూడా శుద్ధం కాదు. ఇక పిల్లలకి ఏం ఉదాహరణ చెప్పాలి?

నౌపడ వైపు వాణ్ణి:
ఉప్పు మడులు చూస్తూ పెరిగాను, ఓ మాట చెప్తా. సముద్రపు నీరు ఎండేకొద్దీ ముందు జిప్సం అనే కాల్షియం లవణం దిగుతుంది, తర్వాత ఉప్పు. మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా అందులోనే పోతాయి. కాస్త కల్లుప్పుకి అంటుకుని వస్తాయి. మా అమ్మ ఆవకాయకి దాచే జాడీలో వానాకాలం అడుగున నీరు చేరేది అవి గాలిలో తేమని పీల్చుకోవడం వల్లే. శుద్ధమైన సోడియం క్లోరైడ్ అయితే గాలిలో తేమ 75 శాతం దాకా వచ్చినా నీరు కారదు.

వంటింటి ల్యాబ్:
ఇప్పుడే రెండు గ్లాసుల్లో కలిపి చూశా. కల్లుప్పు గ్లాసు అడుగున సన్నటి మన్ను. ప్యాకెట్ ఉప్పు నీళ్ళేమో పాలచుక్క పడ్డట్టు మసక. వడకడితే వేరయ్యేది సంయోగ పదార్థం ఎలా అవుతుంది?

పాత లెక్చరర్:
వడకట్టినప్పుడు వేరైంది మలినం, ఉప్పు కాదు. సోడియాన్నీ క్లోరిన్‌నీ గుడ్డలో వడకట్టి చూపించండి, ఒప్పుకుంటా. నీళ్ళలో కాదు, బాగా వేడి చేసి కరిగించిన ఉప్పులోకి కరెంటు పంపాలి దానికి. అయితే ఒకటి, ప్రశ్నలో "సోడియం క్లోరైడ్" అని ఉండాల్సింది. "వంటింటి ఉప్పు" అన్నాక పాపకి మార్కు ఇవ్వొచ్చు.

అరమార్కు నాన్న:
థాంక్సండీ. రేపు టీచర్ని కలుస్తున్నాం. ప్యాకెట్‌తో పాటు ఆ రెండు గ్లాసులూ తీసుకెళ్దాం అంటోంది మా అమ్మాయి. నాకు అదే టెన్షన్.