మాండరిన్ చేపని ఇంట్లో పెంచొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

గోపాల్‌పూర్_అల:
మాది బరంపురం. ఆరు నెలల నుంచి 120 లీటర్ల ఉప్పునీళ్ళ ట్యాంక్ నడుపుతున్నాను, రెండు క్లౌన్ చేపలున్నాయి. షాపతను మాండరిన్ వచ్చింది తీసుకోమంటున్నాడు. ఫొటో చూసిన కాడి నుంచి మనసు ఆగట్లేదు, నీలం ఒంటి మీద నారింజ మెలికలు, మా పట్టుచీరల్లో కూడా అలాంటి రంగు చూళ్ళేదు. తీసుకోమంటారా?

పర్లాకిమిడి_ఉప్పునీరు:
వద్దు తమ్ముడూ. కొని చంపుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. పొద్దస్తమానం రాళ్ళు పొడుస్తూ తిరిగేది, తింటోంది కదా అని ధైర్యంగా ఉన్నాను. అసలు సంగతేటంటే అది ఏరుకునేది కోపిపాడ్లని, కంటికి సరిగ్గా ఆనని పురుగుల్లాంటివి, సముద్రంలో రోజంతా ఒక్కొక్కటే ఏరుకుని తింటుంది, నా ట్యాంక్‌లో నెల తిరక్కుండానే అవి అయిపోయాయి. మేత గుళికలు మూతి ముందు పడ్డా చూసేది కాదు. ఐదో వారం పక్కనుంచి చూస్తే పొట్ట లోపలికి పీక్కుపోయింది, పైనుంచి చూస్తే తల వెనక ఒళ్ళు పుల్లలా ఉంది. రంగు మాత్రం అలాగే ఉంది, అందుకే ఆలస్యంగా కనిపెట్టాను. ఇప్పటికీ బాధే.

రాయగడ_రీఫ్:
అన్నా, మీ బాధ అర్థమైంది గానీ అసలు వద్దే వద్దు అనడం ఒప్పుకోను. హేచరీలో, అంటే మనుషులు గుడ్లు పొదిగించి పెంచే చోట, పుట్టిన మాండరిన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి, చిన్నప్పటి నుంచి అలవాటు చేస్తారు కాబట్టి ఫ్రోజెన్ మేత, అంటే గడ్డకట్టించిన మేత, తింటాయి. ఏడాది దాటిన పెద్ద ట్యాంకు, నిండా లైవ్ రాక్, అంటే ఆ పురుగుల్లాంటివి కాపురముండే సముద్రపు రాళ్ళు, ఉంటే ఇంకా మంచిది. సముద్రంలో పట్టుకొచ్చినదాంతోనే అసలు చిక్కు.

పర్లాకిమిడి_ఉప్పునీరు:
హేచరీది అని షాపులో నోటిమాటగా చెప్తే ఎలా నమ్ముతాం బాబూ? మాండరిన్ సొంతూరు ఎక్కడో చూడండి, జపాన్‌లోని ర్యుక్యు దీవుల నుంచి ఆస్ట్రేలియా దాకా, పశ్చిమ పసిఫిక్. 1927లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టింది కూడా ఫిలిప్పీన్స్ చేపని చూసే. అలల తాకిడి లేని లాగూన్లలో, అంటే పగడపు దిబ్బలు అడ్డుగా ఉన్న నిలకడ నీళ్ళలో, విరిగిన పగడపు ముక్కల సందుల్లో ఉంటుంది, మన గోపాల్‌పూర్ ఇసక తీరం దానికి పనికిరాదు. ఒళ్ళు 6-7 సెంటీమీటర్లే, పొలుసులుండవు, జిగురు పూత ఉంటుంది. పొద్దుగూకే వేళ ఆడా మగా పక్కపక్కన ఆనుకుని మెల్లగా పైకి లేచి, గుడ్లు వదిలి చటుక్కున కిందకి దిగిపోతాయి. ఇంకో మాట, చాలా చేపల్లో నీలం వెలుతురు చేసే మాయ, దీని చర్మంలో మాత్రం నిజంగానే నీలం రంగు పదార్థం ఉన్న కణాలున్నాయి. ఇలాంటిదాన్ని తెచ్చి గాజు పెట్టెలో ఆకలికి మాడ్చడం నాకు పాపంగానే అనిపిస్తుంది.

రాయగడ_రీఫ్:
నమ్మొద్దు, పరీక్ష పెట్టమనండి. షాపులోనే ఫ్రోజెన్ మేత వేయించి, తింటేనే కొనాలి, అదీ ఒక్క పూట కాదు, రెండు మూడు సార్లు చూసి. నాకు తెలిసి ఇదే న్యాయం.

గోపాల్‌పూర్_అల:
సాయంత్రం షాపుకెళ్ళి వచ్చాను. మేత వేసి చూపించమంటే ఇప్పుడే వచ్చింది, నాలుగు రోజులాగు అన్నాడు. రాళ్ళ మధ్య కింది రెక్కల మీద నడుస్తున్నట్టు కదులుతోంది, ఎంత ముద్దుగా ఉందో. అయినా డబ్బులివ్వకుండా వచ్చేశాను. నా ట్యాంక్‌కి ఆరు నెలలే కదా.

పర్లాకిమిడి_ఉప్పునీరు:
మంచి పని చేశావు. నాలుగు రోజుల తర్వాత వెళ్తే వీడియో తీసి ఇక్కడ పెట్టు తమ్ముడూ, పొట్ట కనపడేలా పక్కనుంచి తియ్యి.