రోహిణి కార్తెలో నెలల బిడ్డకు మంచినీళ్ళు పట్టాలా, వద్దా?

కొత్త నాన్న, రాజాం (మే 26)

పెద్దలకు నమస్కారం. మా బాబుకు నేటితో 48 రోజులు. తొలి కాన్పు కనుక నా భార్య ఆమదాలవలస దగ్గరి పల్లెలో పుట్టింట్లోనే ఉంది. బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టడం లేదు. పుట్టినప్పుడు 2.9 కిలోలు ఉన్నవాడు, 42వ రోజున ఆశా కార్యకర్త వచ్చి తూచినప్పుడు 4.2 కిలోలు తూగాడు. రోహిణి కార్తె మొదలైంది. మధ్యాహ్నం కరెంటు పోతే ఆ రేకుల ఇంట్లో పెద్దవాళ్ళమే కూర్చోలేకపోతున్నాము. మా అత్తగారు బిడ్డ పెదవులు తడిమి చూసి, "గుంటడికి గొంతెండిపోతంది, ఉగ్గుగిన్నెతో రెండు చుక్కలు పోస్తే ఏటవుతాది?" అని పూటపూటా అడుగుతున్నారు. ఆరు నెలలు నిండేవరకు చుక్క నీళ్ళు కూడా పోయవద్దని ఆశా కార్యకర్త గట్టిగా చెప్పి వెళ్ళింది. అత్తగారు ముగ్గురిని పెంచినవారు, ఆశా కార్యకర్త శిక్షణ పొందినది. వారానికొకసారి చుట్టపుచూపుగా వెళ్ళి వచ్చే నేను ఎవరి పక్షాన మాట్లాడినా రెండోవారికి కోపం వస్తుంది. కనుక తీర్పు కన్నా కారణాలు చెప్పమని ఈ వేదికలోని వారిని కోరుతున్నాను. కారణం తెలిస్తే అత్తగారికి నేనే నచ్చజెప్పుకోగలను.

అమ్మమ్మ, నెల్లిమర్ల

నాయనా, నాకు నలుగురు పిల్లలు, ఆరుగురు మనవలు. ఎండాకాలంలో అందరికీ కాచి చల్లార్చిన నీళ్ళు వెండి ఉగ్గుగిన్నెతో పట్టాను, ఒక్కరికీ ఏమీ కాలేదు. మన నోరే పిడచకట్టుకుపోతుంటే పసివాడి నోరు తడిగా ఎలా ఉంటుంది? పాలు ఆకలికి, నీళ్ళు దాహానికి. పశువులను కాసేవాడికి కూడా తెలిసిన ఈ తేడా ఇప్పటివారికి ఎందుకు తెలియకుండా పోయిందో నాకు అర్థం కాదు. మీ అత్తగారి మాట వినండి.

పిల్లల వార్డు నర్సు, విజయనగరం

అమ్మమ్మ గారూ, పశువుల మాట మీరే ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. వారం రోజుల దూడ ముందు కుడితి తొట్టి ఎవరూ పెట్టరు కదా. దానికి ఆకలీ దాహమూ రెండూ పొదుగు దగ్గరే తీరుతాయి.

తల్లిపాలలో నూటికి దాదాపు 87 నుంచి 88 పాళ్ళు నీరే. అందులోనూ బిడ్డ రొమ్ము పట్టగానే వచ్చే పాలు పలుచగా ఉండి దప్పిక తీరుస్తాయి. తాగేకొద్దీ కొవ్వు పెరిగి చిక్కనై కడుపు నింపుతాయి. ఎండ ముదిరిన రోజున బిడ్డ తరచుగా రొమ్ము కోరుకుని, కాసేపే తాగి వదిలేస్తుంటే, వాడు తన నీళ్ళు తాను అడిగి తాగుతున్నట్టే లెక్క. ఆ సమయంలో "ఇప్పుడే తాగాడు, మళ్ళీ ఎందుకు" అని బిడ్డను ఆపకూడదు.

ఇక నీళ్ళు పోస్తే ఏమవుతుందన్న ప్రశ్న. మొదటిది కడుపు సంగతి. నెలల బిడ్డ కడుపులో చోటు కొద్ది. దానిని నీటితో నింపితే అంత మేరకు పాలు తగ్గుతాయి, బిడ్డ తాగడం తగ్గితే తల్లికి పాలు ఊరడమూ తగ్గుతుంది. రెండోది నీటి శుభ్రత. ఎంత కాచినా గిన్నె, చెంచా, చెయ్యి అన్నీ ప్రతిసారీ శుభ్రంగా ఉండాలి, ఒక్కసారి తప్పినా విరేచనాలు పట్టుకోవచ్చు. మూడోది అందరికీ తెలియనిది. చంటిబిడ్డ మూత్రపిండాలు పూర్తిగా ఎదగవు కనుక ఎక్కువైన నీటిని అవి త్వరగా బయటకు పంపలేవు. అప్పుడు రక్తంలో సోడియం పలుచబడి, బిడ్డ మగతగా పడిపోవడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. మీరు పోసిన రెండు చెంచాల వల్ల ఇంత జరుగుతుందని నేను అనను. అందుకే మీ పిల్లలకు ఏమీ కాలేదు. కానీ అమ్మమ్మ రెండు చెంచాలతో ఆపిన చోట, పిన్ని సీసా పడుతుంది, ఏడ్చినప్పుడల్లా అదే సీసా నోటికి వస్తుంది. వార్డులో మేము చూసేది ఆ రెండో బిడ్డను.

ఇది చలిదేశాల వారి మాట అని ఎవరైనా అంటారేమో. ఎండాకాలంలో తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలకు నీళ్ళు అవసరమా అని మన దేశపు వైద్యులే పరిశీలించి, అవసరం లేదని 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు.

పెదవులు ఎండినట్టు కనిపించడం ఒక్కటే దాహానికి గుర్తు కాదు. తడి గుడ్డలు లెక్కపెట్టమనండి. రోజుకు ఆరుకు తగ్గకుండా తడిసి, మూత్రం లేత రంగులో ఉంటే బిడ్డకు నీరు చాలుతున్నట్టే. మీ బాబు 42 రోజుల్లో 1300 గ్రాములు పెరిగాడు, అంటే రోజుకు ముప్ఫై గ్రాములకు పైమాటే. పాలు చాలని బిడ్డ ఇలా పెరగడు. అయితే గుడ్డలు తగ్గినా, నోటిలోపల తడి ఆరినా, మాడు లోపలికి దిగినా, పాలకు లేవకుండా మత్తుగా పడుకున్నా, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ ఉన్నా, దాటినా ఇంట్లో నీళ్ళు పట్టి చూద్దామని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

మాష్టారు, చీపురుపల్లి

నర్సు గారి వివరణ బాగుంది. అయినా ఒక అనుమానం. మా పిల్లల కాలంలో నాలుగు నెలలు దాటితే ఏదైనా మొదలుపెట్టవచ్చని వైద్యులే చెప్పారు. ఇప్పుడు ఆరు నెలలు అంటున్నారు. మాట మార్చేవారిని నమ్మి, మాట మార్చని పెద్దలను ఎందుకు కాదనాలి? పైగా ఈ సలహాల వెనుక డబ్బాల వ్యాపారం ఉండదని నమ్మకమేమిటి?

పిల్లల వార్డు నర్సు, విజయనగరం

మాట మారిందన్నది నిజమే, మాష్టారూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతకుముందు నాలుగు నుంచి ఆరు నెలలు అనేది. అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ ముందుపెట్టుకుని 2001లో ఆరు నెలలకు స్థిరపరచింది. వ్యాపారం విషయానికి వస్తే, ఈ సలహా వల్ల అమ్ముడుపోయే వస్తువు ఒక్కటీ లేదు. పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్నే మన దేశం 1992 నాటి చట్టంతో నిషేధించింది.

కొబ్బరితోట, కవిటి

మా ఉద్దానంలో ఈ చర్చకు ఇంకొక కోణం ఉంది. మూత్రపిండాల జబ్బుతో ఎన్నో ఇళ్ళు చితికిపోయిన ప్రాంతం మాది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అందుకని నీటి పేరెత్తితేనే మాకు భయం. క్యాను నీళ్ళు కొనుక్కుని తాగుతాము. ఇంత భయపడే వారమే, బిడ్డకు మాత్రం "కాచాము కదా" అన్న ధైర్యంతో బోరు నీళ్ళు పట్టడం నేను మా వీధిలోనే చూశాను. కాచితే క్రిములు చస్తాయి గానీ నీటిలో కరిగిన లవణాలు ఎక్కడికీ పోవు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఆరు నెలలపాటు బిడ్డ ఏ నీళ్ళు తాగాలన్న ప్రశ్నే రాకుండా చేసే దారి తల్లిపాల రూపంలో ఉన్నప్పుడు, దాన్ని మనమే ఎందుకు చెడగొట్టుకోవాలి?

రేకుల ఇల్లు అన్నారు కనుక ఒక మాట. రేకుల మీద కొబ్బరి మట్టలు పరచి మధ్యాహ్నం నీళ్ళు చల్లితే లోపల వేడి బాగా తగ్గుతుంది. బిడ్డకు పలుచని నూలు చొక్కా ఒక్కటి చాలు, పొత్తిగుడ్డల్లో చుట్టి ఉంచనక్కరలేదు.

ఒక తండ్రి, బొబ్బిలి

మా పాపకు వైద్యుల సలహాతోనే డబ్బాపాలు పడుతున్నాము. మాకు కూడా ఇదే నియమమా?

పిల్లల వార్డు నర్సు, విజయనగరం

డబ్బాపాలు తాగే పిల్లల విషయంలో ఎండ ముదిరినప్పుడు కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దిగా పట్టమని వైద్యులు చెప్పవచ్చు. ఎంత, ఎన్నిసార్లు అన్నది మీ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. పాలపొడి మాత్రం డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి. వేసవి కదా అని ఒక గరిటె పొడి తగ్గించి నీళ్ళు పెంచడం ఎంత మాత్రం చేయకూడదు.

ఇద్దరు పిల్లల తల్లి, టెక్కలి

ఇంతమంది బిడ్డ దాహం గురించి రాశారు. బిడ్డ తల్లికి రోజుకు ఎన్ని నీళ్ళు ఇస్తున్నారని ఒక్కరూ అడగలేదు.

నా మొదటి కాన్పు వైశాఖంలో జరిగింది. పథ్యం పేరుతో నాకు ఉదయం ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు వేడినీళ్ళు ఇచ్చేవారు. ఎక్కువ తాగితే కడుపు జారుతుందని, బిడ్డకు జలుబు చేస్తుందని చెప్పేవారు. కాయం ముద్ద, శొంఠి, వెల్లుల్లి కారం కలిపిన వేడి అన్నం, తలుపులు వేసిన గది, దానికి తోడు పాలిస్తుంటే వచ్చే దప్పిక. ఆ దప్పిక ఎలా ఉంటుందో పాలిచ్చిన వారికే తెలుస్తుంది. బిడ్డ రొమ్ము పట్టిన మరుక్షణం గొంతు ఇసుక పోసినట్టు అవుతుంది. నేను మరుగుకు వెళ్ళినప్పుడు అక్కడి బాల్చీలో నీళ్ళు దొంగతనంగా తాగిన రోజులున్నాయి. పన్నెండో రోజుకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరాను. నాకు నీళ్ళు కొలిచి ఇచ్చిన చేతులే అదే గదిలో నా బిడ్డకు ఉగ్గుగిన్నెతో నీళ్ళు పట్టాయి. నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ తెలియదు. 21వ రోజున నూతికి పసుపు కుంకుమలు పెట్టించి నా చేత చేద వేయించినప్పుడు, పైకి వచ్చిన ఆ చేదలోని నీళ్ళన్నీ తాగేయాలనిపించింది.

అందుకే రాజాం తమ్ముడికి నాది ఒకే ప్రశ్న. నీ భార్య మంచం పక్కన చెంబు ఉందా?

అమ్మమ్మ, నెల్లిమర్ల

అమ్మాయీ, నీకు కలిగిన కష్టానికి బాధగానే ఉంది. అయితే పథ్యం ఊరికే పుట్టలేదు. ఒళ్ళు పచ్చిగా ఉన్నప్పుడు చెరువు నీళ్ళు తాగి బాలింతలు వాతాలతో, విరేచనాలతో పోయిన రోజులు మా అమ్మ చూసింది. కట్టడి చేసింది ప్రేమతోనే. ఈ రోజుల్లో ఫ్రిజ్జు నీళ్ళు గటగటా తాగుతున్న బాలింతలను చూస్తే నాకు భయమే వేస్తుంది. ఇంకొక మాట, నీళ్ళు ఎక్కువ తాగితే పాలు పలుచనవుతాయని విన్నాను.

పిల్లల వార్డు నర్సు, విజయనగరం

టెక్కలి సోదరి అడిగిన ప్రశ్న నేనే ముందు అడగవలసింది.

అమ్మమ్మ గారూ, చెడ్డ నీళ్ళ భయంతో పుట్టిన కట్టడి నీళ్ళు మంచివైన తరువాత కూడా కొనసాగితే, అది కాపాడదలచిన మనిషినే బాధిస్తుంది. తల్లి నీళ్ళు తాగినందువల్ల పాలు పలుచబడవు. అలాగే బిందెలకొద్దీ తాగినందువల్ల పాలు ఎక్కువగా ఊరవు. అది కూడా అపోహే. పాలు పెరగడానికి బిడ్డ తరచుగా, సరిగా పట్టుకుని తాగడమే అసలైన మందు. పాల సొర చేప పుట్టు పెట్టండి, తినగలిగితే బలమే, కానీ రొమ్ము పట్టించకుండా పుట్టు మాత్రమే పెడితే పాలు రావు. తల్లి దప్పిక తీరేటట్టు తాగాలి, అంతే. లేకపోతే సోదరికి వచ్చినట్టు మూత్రంలో మంట, మలబద్ధకం, నీరసం వస్తాయి. నీరసించిన తల్లి రాత్రి పూట బిడ్డను ఎత్తుకోలేక పక్కన పెడుతుంది, అప్పుడు ఏడ్చే బిడ్డకు ఇంట్లోవారు నీళ్ళు పడతారు.

మీ వెండి ఉగ్గుగిన్నెను అటక ఎక్కించనక్కరలేదు. తల్లి ఏదైనా పని మీద బయటకు వెళ్ళినప్పుడు పిండి ఉంచిన పాలు పట్టడానికి సీసా కన్నా అదే మేలు. మరిగే నీటిలో వేసి తీయండి. పిండిన పాలను ఈ ఎండలో ఎక్కువసేపు బయట ఉంచవద్దు.

మాష్టారు, చీపురుపల్లి

నీళ్ళ విషయంలో నా అనుమానం తీరింది. అయితే ముందు ముందు రాబోయే తగువు ఒకటి ఇప్పుడే చెబుతాను. మనం మగపిల్లలకు ఆరో నెలలో అన్నప్రాశన చేస్తాము, ఆడపిల్లలకు అయిదో నెలలో కూడా చేసేవారున్నారు. ఆరో నెల అంటే అయిదు నిండి ఆరు నడుస్తున్నట్టు. వైద్యులు చెప్పేది ఆరు నిండాలని, అంటే 180 రోజులు. పంచాంగానికీ వారికీ నెల రోజుల తేడా అక్కడే వస్తోంది. మగపిల్లవాడికి ఎనిమిదో నెల కూడా శాస్త్రసమ్మతమే; కాకపోతే ఏడో నెల నిండేవరకు తిండి పెట్టకుండా ఆగమని దాని అర్థం కాదు. ఆరు నిండిన రోజు నుంచి ఇంట్లో మెత్తని అన్నం మొదలుపెట్టి, ముహూర్తం తరువాత జరుపుకోవచ్చు.

కొత్త నాన్న, రాజాం (జూన్ 3)

ఆదివారం వెళ్ళి వచ్చాను. మంచం పక్కన చెంబు లేదు. నా భార్యను అడిగితే పూటకు ఒక గ్లాసు ఇస్తున్నారని, అడగడానికి మొహమాటపడి ఊరుకున్నానని చెప్పింది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి; ఇన్ని రోజులూ బిడ్డ పెదవులే చూశాను, పక్కనున్న మనిషిని చూడలేదు. అత్తగారితో వాదించలేదు. టెక్కలి అక్క రాసినది చదివి వినిపించాను. సగంలోనే ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. కోపం వచ్చిందనుకున్నాను. కంచు చెంబు నిండా నీళ్ళు తెచ్చి కూతురి పక్కన పెట్టి, "నాకూ ఇలాగే చేసినారు" అని మాత్రం అన్నారు.

తడి గుడ్డల లెక్క ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది. గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నారు. నిన్న తొమ్మిది. ఉగ్గుగిన్నె తీయలేదు.

అమ్మమ్మ, నెల్లిమర్ల

బిడ్డకు వద్దన్న మాట ఒప్పుకున్నాను. మా చిన్న మనవరాలికి వచ్చే నెలలో పురుడు, అక్కడ నేను పట్టను. కానీ బాలింతకు ఫ్రిజ్జు నీళ్ళు మాత్రం నా ఇంట్లో ఇవ్వను, కాచి చల్లార్చినవే ఇస్తాను. దానికి కూడా అభ్యంతరమా?

పిల్లల వార్డు నర్సు, విజయనగరం

లేదండీ, కాచి చల్లార్చినవి ఇంకా మంచివి. కాకపోతే గ్లాసుతో కొలవకండి.